పొయ్యి మీది వంశముద్ర

నాక్‌బెగ్, టిపరెరి
12 ఫిబ్రవరి 1921

తమ్ముడూ ఆంబ్రోస్,

నీ ఉత్తరం చేరింది. దారిలో ఎవరో టపా సంచీ ఎత్తుకెళ్ళి, తీరిగ్గా చదువుకుని, మళ్ళీ అతికించి పంపారు. ఇక్కడ ఇప్పుడు అందరి ఉత్తరాలూ అలాగే వస్తున్నాయి. కాబట్టి నువ్వు సర్ ఆంబ్రోస్ కెల్డన్ కాబోతున్నావన్న సంగతి నాకంటే ముందు కొండల్లో దాక్కున్న తిరుగుబాటు కుర్రాళ్ళకే తెలిసింది. వాళ్ళు నవ్వుకునే ఉంటారు. కోప్పడకు, నేనూ నవ్వుకున్నాను. చిన్నప్పుడు కోళ్ళగూట్లో ఇరుక్కుపోయి ఏడ్చిన సర్ ఆంబ్రోస్ నాకు ఇంకా కళ్ళకి కడుతూనే ఉన్నాడు.

ఇంట్లో మన వంశముద్రలోని కొంగ ఎక్కడెక్కడ ఉందో అన్నీ గీసి పంపమన్నావు. వెండి చెంచాల మీద, పాత బండి తలుపు మీద, నాన్న ఉంగరం మీద, మెట్ల దగ్గరి రంగుటద్దం మీద, అన్నిచోట్లా అదే కొంగ, అదే నీలం, దాని ముక్కున అదే పాము లాంటి చేప. ముత్తాత జాస్పర్ చనిపోయినప్పుడు చర్చిలో వేలాడదీసిన నల్ల పలక కూడా గీశాను. డాలును నిలువునా చీల్చి, ఒక సగంలో మొగుడి ముద్ర, రెండో సగంలో పెళ్ళాం ముద్ర వెయ్యడం మనవాళ్ళ పద్ధతి కదా. కొంగ పక్కన ముత్తవ్వ అరబెల్లా పుట్టింటివాళ్ళ బురుజు ఉంది. బురుజుకి బూజు పట్టింది. తుడిచి గీశాను.

జాస్పర్ అన్నగారి శాఖలో ఆఖరివాడు సర్ రూపర్ట్ ఫ్రాన్స్ యుద్ధంలో పోయాడనీ, పిల్లల్లేరు కాబట్టి బిరుదు జాస్పర్ సంతానంలోకి, అంటే నీకు, వస్తుందనీ రాశావు. వస్తే మంచిదే. కాని అది వచ్చినంత మాత్రాన మన కప్పు కారడం ఆగదు.

ఇక్కడ రోజులు బాగా లేవు. వంతెన దగ్గర రోడ్డు తవ్వేశారు. గట్టు అవతలి టియర్నీ వాళ్ళ మాలకీ ఇంగ్లండు ప్రభుత్వం మీద తిరగబడ్డవాళ్ళకి నాయకుడయ్యాడని అంటున్నారు. వాళ్ళ నాయనమ్మ పెగ్ మాత్రం ఎప్పటిలాగే గుడ్లు తెచ్చి ఇస్తుంది. మనవడు ఎలా ఉన్నాడని అడిగితే ఆకాశం వంక చూసి వాన సంగతి మాట్లాడుతుంది.

నీ అక్క,
లెటీ


డబ్లిన్
20 ఫిబ్రవరి

ప్రియమైన అక్కా,

బొమ్మలు చాలా బాగున్నాయి. వంశముద్రల కార్యాలయంలో పెద్దాయన చూసి, ఇంత శ్రద్ధగా గీసిన స్త్రీ ఎవరని అడిగారు. చెప్పాను. నవ్వుతావని తెలుసు, అయినా చెబుతున్నాను.

ఇక మిగిలింది తేలికే. జాస్పర్, అరబెల్లా. వాళ్ళ కొడుకు మన తాత. తాత కొడుకు నాన్న. నాన్నకి నేను. మధ్యలో ఎక్కడా వంకర లేదు. జాస్పర్‌కి అరబెల్లా తప్ప వేరే భార్య లేదని నేనొక ప్రమాణం చెయ్యాలి. ఇంట్లో పెద్దదానివి కాబట్టి నువ్వొకటి చెయ్యాలి. కాగితం తయారవుతోంది, పంపుతాను.

నువ్వు నవ్వినా సరే, ఇది నాకు ముఖ్యం. వకీలుగా నా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. నీ మరదలు కాన్‌స్టన్స్ రోజూ ఇంగ్లండు పోదామంటుంది. వీధుల్లో లారీల మీద సైనికులు తుపాకులు గురిపెట్టుకుని తిరుగుతుంటే, చీకటి పడకముందే తలుపులు వేసుకుని కూర్చుంటున్నాం. ఆ ఇల్లు మూసేసి నువ్వు కూడా ఇక్కడికి వచ్చెయ్యి. ఒంటరి ఆడదానివి. ఏం చూసుకుని ఆ ధైర్యం?

ఆంబ్రోస్


నాక్‌బెగ్
9 మార్చి

తమ్ముడూ,

నిన్న పొద్దున టియర్నీ వాళ్ళ ఇల్లు సైనికులు కాల్చేశారు. వంతెన దగ్గర వాళ్ళ లారీ మీద దాడి జరిగిందనీ, ఆ దాడి చేయించింది మాలకీ అనీ, అందుకు శిక్ష ఇదనీ అధికారి కాగితం చదివి వినిపించాడట. తిండిగింజలు తెచ్చుకోవచ్చు గానీ సామాను తెచ్చుకోకూడదట. ఎవరు రాశారో ఆ నియమం. మంచం కాలిపోయినా గింజలుంటే చాలనుకున్నాడు కాబోలు.

పొగ చూసి నేను దుప్పట్లు పట్టుకుని పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి గడ్డికప్పు కూలిపోయింది. పెగ్ వాకిట్లో బోర్లించిన బాల్చీ మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. 'కోళ్ళు బతికాయి' అంది, అంతే. ఆమెని తీసుకొచ్చి మన గేటు దగ్గరి కాపలా ఇంట్లో ఉంచాను. మన కాపలావాడు కొండల్లోకి పోయిన దగ్గర్నుంచీ అది ఖాళీగానే ఉంది కదా.

ఇప్పుడు నీకు పనికొచ్చే సంగతి ఒకటి. గోడలు పోయినా పొయ్యి నిలబడింది. పొయ్యి పైన అడ్డంగా ఒక పెద్ద రాయి ఉంది. తరాలుగా దాని మీద కొట్టిన సున్నం వేడికి పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోయి, కింద చెక్కడం బయటపడింది. చూసి నేను నమ్మలేకపోయాను. డాలు, నిలువునా చీలిక, ఒక సగంలో మన కొంగ! సందేహం లేదు, ముక్కున చేపతో సహా. రెండో సగంలో బురుజు కాదు, మూడు ఓక్ ఆకులున్నాయి. డాలు చుట్టూ పూసల దండ లాంటిది చెక్కి, కింద జె, ఎస్ అని రెండు అక్షరాలు, 1786 అని వేశారు. జె అంటే జాస్పరే అయ్యుండాలి. ఈ ఎస్ ఎవరు? అరబెల్లా పేరులో ఎస్ ఎక్కడా లేదు. బొమ్మ గీసి పంపుతున్నాను. మీ పెద్దాయనకి చూపించు, సంతోషిస్తాడు.

లెటీ


డబ్లిన్
13 మార్చి

అక్కా,

నీ ఉత్తరం అతుకు ఊడకుండా చేరింది. దేవుడి దయ.

ఆ బొమ్మ ఇంకెవరికైనా చూపించావా? ఇంకో ప్రతి ఉందా? ఉంటే పొయ్యిలో పడెయ్యి. అది ఎవడో పల్లెటూరి పనివాడు తెలిసీ తెలియక చెక్కిన రాయి. దానికి అర్థం ఏమీ లేదు. మనిషిని పెట్టి దాని మీద మళ్ళీ సున్నం కొట్టించు, లేదా మట్టి పోయించు.

ఆ ముసలావిడని కాపలా ఇంట్లోంచి పంపించెయ్యి. తిరుగుబాటుదారుల ఇంటివాళ్ళకి చోటిచ్చావని రేపు సైన్యం నిన్నూ తప్పుపడుతుంది.

ఇకనుంచి ఈ విషయం టపాలో రాయకు. మన చర్చి రెక్టర్ గారి భార్య వైద్యానికి డబ్లిన్ వస్తూ పోతూ ఉంటుంది కదా, ఆమె చేతికివ్వు.

ఆంబ్రోస్


నాక్‌బెగ్
21 మార్చి
రెక్టర్ గారి భార్య చేతికి

ఆంబ్రోస్,

అర్థం లేని రాయికి అంత కంగారెందుకు? నేను కొంగలు గీయడమే కాదు, మనుషుల్నీ కొంచెం చదవగలను. నీ ఉత్తరంలో అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

పెగ్‌ని పంపించలేదు. ఆమెనే అడిగాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, వాన గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఎస్ అంటే సైవ్. సైవ్ టియర్నీ. పెగ్ మొగుడికి ఆవిడ నాయనమ్మ. ఒకప్పుడు ఈ కొండ చుట్టూ భూమంతా వాళ్ళదేనట, ఓక్ ఆకులు వాళ్ళ ముద్రేనట. జాస్పర్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆవిడ కోసం రెండేళ్ళు కేథలిక్ పూజలకి వెళ్ళాడు. ఆ మతం పుచ్చుకున్నాడు. ఆ తరవాతే ఆ పొయ్యి ముందు నిలబడి పూజారి చేత పెళ్ళి చేయించుకున్నాడు. రాయి తానే చెక్కించాడు. కొడుకు పుట్టాడు. అప్పుడు ఇక్కడ నాక్‌బెగ్‌లో ముసలి తండ్రి కబురు పెట్టాడు. మన మతంలోకి తిరిగి రాకపోతే ఇల్లూ భూమీ లేవని. జాస్పర్ గట్టు దాటి తిరిగి వచ్చాడు. అరబెల్లాని చేసుకున్నాడు. సైవ్ గట్టు అవతలే ఉండిపోయింది. ఆదివారాలు మన బండి చర్చికి వెళ్ళే చప్పుడు వినపడితే తలుపు మూసుకునేదట. బిడ్డకి తల్లి పేరే మిగిలింది.

'అందుకే కాబోలు మావాళ్ళు ఎప్పుడూ ఆ రాయి సంగతి ఎత్తలేదు, సిగ్గుపడి' అన్నాను.

పెగ్ కత్తి ఆపి నా వంక చూసింది.

'మీవాళ్ళకి గుర్తే లేదు తల్లీ. సున్నం కొట్టింది మేము. ఏటా ఈస్టరు ముందు మా అత్త కొట్టేది, తరవాత నేను కొట్టాను. కరువు రోజుల్లో మీ తాత ఊరూరా కప్పులు పీకించి జనాన్ని రోడ్డున పడేశాడు. మా కప్పు ఒక్కటే ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో ఊళ్ళోవాళ్ళు అడిగితే ఏం చెప్పమంటావు? వాడి రక్తమే మాలోనూ ఉందని చెప్పుకోమంటావా?'

ఆమె మళ్ళీ దుంపలు చెక్కుకుంది.

ఇప్పుడు చెప్పు. ఆ పూసల దండకి అర్థం ఏమిటి?

లెటీ


డబ్లిన్
28 మార్చి
అదే మనిషి చేతికి

అక్కా,

నీతో దాగుడుమూతలు పనికిరావు. చెబుతాను.

ప్రొటెస్టెంటు మగవాడికి కేథలిక్ పూజారి చేసిన పెళ్ళి ఆ రోజుల్లో పెళ్ళే కాదు, చట్టం దాన్ని లెక్కలోకే తీసుకోదు. మొదట బొమ్మ చూడగానే అదే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. తరవాత పూసలు చూశాను. అది జపమాల. మగవాడు ఆ మతం పుచ్చుకున్నాకే పెళ్ళి జరిగిందని ఆ రాయి చెబుతోంది. ఏడాది ముందునుంచే అందులో ఉన్నాడా, ఆ పెళ్ళి చెల్లుతుంది. రెండేళ్ళని నీ పెగ్ అంటోంది.

చెల్లితే ఏమవుతుందో చూడు. సైవ్ బతికుండగా చేసుకున్న అరబెల్లా భార్య కాదు. తాత సక్రమంగా పుట్టినవాడు కాడు. బిరుదు అటుంచు, ఆ ఇంటి మీద, ఆ పేరు మీద మన నాన్నకి కూడా ఏ హక్కూ లేదు. జాస్పర్ పెద్ద కొడుకు వంశంలో ఇవాళ మిగిలింది ఎవరు? సైన్యం వెతుకుతున్న ఆ మాలకీ. నిజానికి సర్ మాలకీ! నవ్వొస్తోందా? నాకు రావడం లేదు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అక్కా. ఆ పెళ్ళికి చర్చి పుస్తకం లేదు, సాక్షులు లేరు, ఉన్నది ఆ రాయి ఒక్కటే. పెగ్ మాటలు ముసలిదాని మాటలు. ఈ దేశం రేపు ఎవరిదవుతుందో తెలీదు. భూములు ఎలాగూ పోయాయి. మనం ఎవరమన్నది ఒక్కటే మిగిలింది. అదీ నేనే నా చేత్తో తీసి పారెయ్యాలా?

ప్రమాణం కాగితం ఇందులో పెట్టాను. సంతకం చెయ్యి. రాయి సంగతి నేను చూసుకుంటాను.

ఆంబ్రోస్


నాక్‌బెగ్
20 ఏప్రిల్

ఆంబ్రోస్,

బాగా చూసుకున్నావు.

శుక్రవారం పట్టపగలు రెండు లారీల సైనికులు వచ్చారు. మధ్యలో బిక్కచచ్చిపోయి సుత్తి పట్టుకున్న తాపీవాడు ఒకడు. నీతో భోజనం చేసే ఏ మేజరు చేసిపెట్టాడో ఈ ఉపకారం. కాలిపోయిన ఇంట్లో మొండి పొయ్యి చుట్టూ తుపాకులతో నిలబడి, వాడి చేత రాయి పగలగొట్టించారు. ముక్కలు కూడా లారీలో వేసుకుపోయారు. పెగ్ కాపలా ఇంటి గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు ఆగేదాకా విన్నది.

నీకు ఊరు తెలీదు. పాతికేళ్ళుగా డబ్లిన్‌లో ఉండి మరిచిపోయావు. ఆ సాయంత్రానికే పాలవాడి దగ్గర్నుంచి పూజారి దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. సైన్యం ఒక పొయ్యిరాయికి ఎందుకు భయపడింది? ఆ తాపీవాడు సారా కొట్టులో రెండు గ్లాసులు తాగి కొంగ సంగతి చెప్పేశాడు. మూడోనాటికి కథంతా బయటికొచ్చింది. నూరేళ్ళ పైగా టియర్నీలు సున్నం కొట్టి దాచుకున్నది నువ్వు ఒక్క సుత్తితో ఊరందరికీ చెప్పావు.

నిన్న మధ్యాహ్నం పెగ్‌కి సూప్ పట్టుకెళితే మాలకీ అక్కడ ఉన్నాడు. ఎలా వచ్చాడో అడగలేదు. తడిసిన కోటు, గడ్డం పెరిగిన మొహం. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నాయనమ్మ పెంపకం.

'మిస్ కెల్డన్, సైన్యం కాల్చే ప్రతి ఇంటికీ బదులు మేము ఒక పెద్ద ఇల్లు కాల్చాలని పైనుంచి మాట వచ్చింది. నాక్‌బెగ్ పేరు ఇప్పటిదాకా నేనే రానివ్వలేదు. మా నాయనమ్మకి చోటిచ్చారని చెప్పాను. నమ్మారు.'

'ఇప్పుడు?'

'ఇప్పుడు అదే మాట చెబితే, చుట్టాల ఇల్లు కాబట్టి వదిలేస్తున్నాడంటారు. కొందరు అప్పుడే అన్నారు. అనుమానం పడ్డ నాయకుడి వెనక ఎవరూ రారు మిస్ కెల్డన్. ఎవరైనా పట్టుబడితే, పట్టిచ్చింది నేనే అంటారు. ఆ మాట పడ్డవాణ్ణి ఏం చేస్తారో మీకు తెలుసు.'

తెలుసు. కిందటి నెల బాట పక్కన ఒకడి శవాన్ని మేము చూశాం.

'అయితే నన్నేం చెయ్యమంటావు?' అన్నాను.

'పెట్టెలు సర్దుకోండి.'

ఆ మాట అంటూ నా మొహం చూడలేదు. పెగ్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

నీ కాగితం బల్ల మీద ఉంది. సంతకం చెయ్యలేదు.

లెటీ


డబ్లిన్
26 ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం అందేసరికే ఆలస్యమైపోయింది. సోమవారం నేను ప్రమాణం చేసేశాను. పుస్తకం మీద చెయ్యి వేసి, జాస్పర్‌కి మరో భార్య ఉన్నట్టు మా ఇంట్లో ఎవరూ ఎరగరని చెప్పాను. నీ సంతకం రేపో మాపో వస్తుందని కూడా చెప్పాను.

అది రాకపోతే నిన్ను పిలిచి అడుగుతారు. అప్పుడు నువ్వు ఉన్నది ఉన్నట్టు చెబితే నేను అబద్ధపు ప్రమాణం చేసినవాణ్ణి. వకీలునే నేను. ఆ తరవాత కోర్టు గుమ్మం తొక్కలేను. జైలు కూడా తప్పకపోవచ్చు. బిరుదు కోసం అడగడం లేదు అక్కా. నన్ను కాపాడమని అడుగుతున్నాను.

సైన్యాన్ని పంపింది నేను కాదు. తాపీవాడికి తోడుగా ఒక మనిషిని ఇమ్మన్నానంతే. ఇలా అవుతుందనుకోలేదు.

ఆ ఇల్లు వదిలి వచ్చెయ్యి. వెంటనే. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఆంబ్రోస్


కాపలా ఇల్లు, నాక్‌బెగ్
18 మే

తమ్ముడూ,

పైన చిరునామా చూసి నీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు దెబ్బలు తగల్లేదు. ముందు అది చెప్పాలి కదా.

శనివారం సాయంత్రం, ఇంకా బాగా వెలుతురు ఉండగానే వచ్చారు. నేను తోటలో బఠానీ తీగలకి కర్రలు పాతుతున్నాను. మాలకీ ముందు నడిచి వచ్చి టోపీ తీసి, వాళ్ళ కాగితం చదివాడు. టియర్నీ ఇంటికి బదులుగా అన్నచోట గొంతు ఒకసారి ఆగింది. వెనక ఉన్నవాళ్ళు నన్ను చూడటం లేదు, అతణ్ణి చూస్తున్నారు. గొంతు ఆగిందా లేదా అని చూడ్డానికే వచ్చినట్టు ఉన్నారు.

సామాను బయటికి తెచ్చుకోవచ్చన్నారు. వాళ్ళే మోశారు. భోజనాల బల్ల కుర్చీలన్నీ గడ్డిలో వరసగా పెట్టారు. ఒకడైతే కిరసనాయిలు డబ్బా పట్టుకుని లోపలికి పోతూ, గుమ్మంలో ఆగి, పట్టా మీద బూట్లు తుడుచుకున్నాడు. నాకు నవ్వు వచ్చింది ఆంబ్రోస్. ఆ నవ్వు ఆపుకోలేక ఒక కుర్చీలో కూర్చుండిపోయాను. వంటమ్మాయి నేను ఏడుస్తున్నాననుకుంది.

మాలకీ నా దగ్గరికి వచ్చాడు.

'మిస్ కెల్డన్, మీ మీద నాకు కోపం లేదు.'

'తెలుసు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది' అన్నాను.

అప్పుడు పెగ్ బాట మీద కర్ర పోటు వేసుకుంటూ వచ్చింది. ఆమెని ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నేరుగా మనవడి ముందు నిలబడి, గట్టిగా కాదు, అందరికీ వినపడేలా అంది:

'వాళ్ళు నా ఇల్లు కాల్చినప్పుడు ఈవిడ దుప్పటి తెచ్చింది. నువ్వు ఈవిడ ఇల్లు కాలుస్తుంటే నేనేం తెచ్చేదిరా? నాకు మిగిలింది ఇదే.'

భుజం మీది శాలువా తీసి నాకు కప్పింది. పొగ వాసన ఇంకా పోలేదు దానికి. మాలకీ మొహం సుద్దలా అయిపోయింది. కాసేపు అలాగే నిలబడ్డాడు. అతని మనుషులూ కదల్లేదు. ఒక్క మాటతో ఆపేస్తాడేమో అని నేను ఆశపడ్డాను, అబద్ధమెందుకు. ఆపితే ఏమవుతుందో కూడా తెలుసు. అతను వెనక్కి తిరిగి, 'కానివ్వండి' అన్నాడు.

మొదట కిటికీలు పగిలాయి. ఆ తరవాత ఇంటి నడుం విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. మిగతాది రాయను.

ఇప్పుడు నీ సంగతి. కార్యాలయం నుంచి కబురు వచ్చింది. జూన్ నడిమికి నన్ను వచ్చి మాట చెప్పమన్నారు. నేను నీ మీద ఫిర్యాదు చెయ్యను. కాని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే, సైవ్ లేదని నేను చెప్పను. ఆవిడ మనవడి పెళ్ళాం పక్కనున్న గదిలో పడుకుని ఆ మాట నా నోట రాదు. ఆలోచించు. నువ్వే వెళ్ళి నీ అర్జీ, నీ ప్రమాణం వెనక్కి తీసుకో. ఇంకా ఎవరూ దాని మీద ముద్ర వెయ్యలేదు. నిన్ను కాపాడమన్నావు. నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

లెటీ


డబ్లిన్
2 జూన్

అక్కా,

వెనక్కి తీసుకున్నాను.

ఏం చెప్పాలో రాత్రంతా సాధన చేసుకుని వెళ్ళాను. చెప్పే అవసరం రాలేదు. పెద్దాయన నా మొహం చూసి, సొరుగు తెరిచి, కాగితాలు నావైపు తోశాడు. కారణం అడగలేదు. ఇలాంటివాళ్ళని చాలామందిని చూసుంటాడు. బయటికి వచ్చి నది ఒడ్డున నిలబడితే ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు.

కాన్‌స్టన్స్ వాళ్ళ చెల్లెలి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళిపోయింది. తిరిగి వస్తుందో రాదో చెప్పలేదు, నేను అడగలేదు.

ఒక్కటి చెప్పు. ఇల్లు పోయింది నా వల్లేనా? నీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాట రాయలేదు. రాయకపోవడం ఎక్కువ బాధగా ఉంది.

ఆంబ్రోస్


కాపలా ఇల్లు, నాక్‌బెగ్
18 జూలై

తమ్ముడూ,

అవును, నీ వల్లే. అడిగావు కాబట్టి చెప్పాను, ఇక మళ్ళీ చెప్పను. సైన్యం వల్ల కూడా, మాలకీ వల్ల కూడా, గట్టు దాటి తిరిగి వచ్చిన ఆ జాస్పర్ వల్ల కూడా. నీ వాటా నీది.

కాల్పులు ఆగాయని పత్రికలో చదివే ఉంటావు. రోడ్లు పూడుస్తున్నారు. ఆదివారం మాలకీ నాయనమ్మని చూడ్డానికి బాహాటంగా బాట మీద నడిచి వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయాడు. నేను పక్కకి జరగలేదు. జరగాలా వద్దా అని నాకే తెలియలేదు. ఇల్లు పోయాక రాత్రుల్లో చాలాసార్లు అతన్ని తిట్టుకున్నాను, అతని స్థానంలో నన్ను పెట్టుకుని కూడా చూశాను. రెండూ చేసి అలిసిపోయాను.

లోపలినుంచి పెగ్ అరిచింది, తలుపు తీసి ఉంచితే కోళ్ళు వస్తాయని. జరిగాను. వచ్చి కూర్చున్నాడు.

అతను రొట్టె తిన్నాడు. నేను టీ పోశాను. అప్పుడు పెగ్ మొదలుపెట్టింది.

'ఈవిడ మీ నాన్నకి చెల్లెలి వరస అవుతుంది. తెలుసా?'

'తెలుసు నాయనమ్మా.'

'తెలిస్తే నోరు లేదా?'

అతను నన్ను ఏమనీ పిలవలేదు. కప్పులోకి చూస్తూ, 'నేను చేసిన పనికి క్షమించమని అడగడం లేదు. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ అదే చేస్తాను' అన్నాడు. గొంతు మాత్రం ఆ మాటకి తగ్గట్టు లేదు.

'నేనూ క్షమించానని చెప్పడం లేదు. ఇంకో రొట్టె తీసుకో' అన్నాను.

తీసుకున్నాడు.

వెళ్ళేముందు పెగ్ అతనికి పని పురమాయించింది. బురదనేలలో పొయ్యి కోసమని కోసి పరిచిన పీట్ మట్టి ఎండిపోయిందట, వానలు పడకముందే ఇంటికి చేర్చాలట. 'మన పీట్ తడిస్తే చలికాలం ఎలా వెళ్తుంది?' అంది. ఇన్నేళ్ళలో ఆమె నాతో మాట్లాడినప్పుడల్లా 'మా పొలం', 'మా కోళ్ళు', 'మీ ఇల్లు' అనే అంది. మాలకీకి కూడా ఆ 'మన' వినపడింది. ముసలామె వంక ఒకసారి చూసి, దిద్దకుండా, 'గురువారం బండి తెస్తాను. ఇద్దరు ఆడవాళ్ళకి మొయ్యడం కష్టం' అన్నాడు.

మూడోమనిషి వస్తాడేమో కనుక్కుంటానని నేను చెప్పాను.

పాత బూట్లు వేసుకుని రా. స్టేషన్‌కి ఎవరూ రారు, నడవాలి.

లెటీ